పక్క సీటు ఖాళీయే

గేటాయన తన జీవితంలో ఒక్క సినిమా టికెట్ కూడా కొనలేదు. చింపినవి మాత్రం ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. ముప్పై నాలుగేళ్ళు ఒకే హాలు, ఒకే తలుపు. చింపీ చింపీ కుడిచేతి బొటనవేలి పక్కన చర్మం కాయ కాచిపోయింది. ఆయనకి అసలు పేరు ఒకటుంది, కరెంటు బిల్లు మీద చూడొచ్చు. వీధిలో వాళ్ళకీ, హాలు వాళ్ళకీ, చివరికి సొంత అల్లుడికి కూడా ఆయన గేటాయనే.

హాల్లో పనిచేసేవాళ్ళకేం, రోజూ సినిమాలే కదా అనుకుంటారు జనం. జనానికేం, ఏమైనా అనుకుంటారు. బొమ్మ పడేటప్పటికి గేటాయన తలుపు బయట టికెట్లు చింపుతూ ఉంటాడు. అవి అయ్యాక టార్చి పట్టుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళని సీట్లలోకి తోలాలి. ఇంటర్వెల్‌కి ఐదు నిమిషాల ముందు బయటికొచ్చి తలుపుల గడియలు తీయాలి. ఆట చివర మరీ కష్టం. ఇంకా పది నిమిషాలుందనగానే పక్క తలుపులన్నీ తెరిచి, వెలుతురు లోపలికి పడకుండా తెరలు అడ్డం లాగి, తాను వరండాలో నిలబడి, జనం తొక్కుకోకుండా గేటు బార్లా తెరిచి పట్టుకోవాలి. అంచేత ఆ మహానుభావుడు వందల సినిమాలు చూశాడు గానీ, అన్నీ నడుములే. తల చూడలేదు, తోక చూడలేదు.

తోకలు ఇంట్లో దొరికేవి. ఆయన భార్యది కాజాల పని. టైలరు కొట్ల నుంచి చొక్కాలు మూటగట్టి తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని, చేత్తో కాజాలు కుట్టి, గుండీలు వేసి పంపిస్తుంది. కంటికి శ్రమ, నడుముకి శ్రమ, వచ్చేది అంతంతమాత్రం. హాలు వాళ్ళ ఇంటి మనుషులకి ఒక పద్ధతి ఉండేది. సినిమా పడి మూడోవారం వచ్చి, జనం పలచబడ్డాక, స్టాఫ్ పాసు మీద ఊరికే చూడొచ్చు. గోడ పక్కన రెండు సీట్లు అందుకోసమే ఉండేవి. ఆవిడ వెళ్ళి చూసొచ్చేది. గేటాయన అన్నానికి కూర్చున్నప్పుడు ఎదురుగా కూర్చుని చివరికి ఏమైందో చెప్పేది.

చెప్పేది అంటే ఉన్నది ఉన్నట్టు కాదు. ఆ సంగతి గేటాయనకి చాలా ఏళ్ళదాకా తెలియదు. ఒకసారి క్యాంటీనాయన, "పాపం, హీరో పోయాడని ఆడవాళ్ళంతా ముక్కులు చీదుకుంటూ బయటికొస్తున్నారయ్యా" అన్నాడు. "పోవడమేంటి? ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడుగా" అన్నాడు గేటాయన. మాటా మాటా పెరిగింది. పందెం కాశాడు. వారం రోజుల టీలు పోయాయి. ఇంటికొచ్చి గుడ్లురిమి అడిగితే ఆవిడ దారం పంటితో కొరుకుతూ తాపీగా చెప్పింది.

"పొద్దుణ్ణుంచీ నిలబడి నిలబడి వచ్చారు. అన్నం దగ్గర చావు కబురు ఎందుకని బతికించాను."

ఆ తర్వాత ఆయన ముగింపుల మీద పందేలు మానేశాడు. ఆవిడ మాత్రం బతికించడం మానలేదు.

ఇదంతా విని, అబ్బో ఎంత అన్యోన్యమో అనుకోకండి. ఆ ఇంట్లో ఒక పాత బాకీ ఉంది. డబ్బు బాకీ కాదు.

పెళ్ళైన కొత్తలో ఆవిడ మొదటిసారి ఆ హాలుకి వెళ్ళింది. కొత్త బట్టలు కట్టుకుంది. గేటాయన స్వయంగా టార్చి పట్టుకుని తీసుకెళ్ళి గోడ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. "బొమ్మ పడగానే వచ్చి నీ పక్కన కూర్చుంటాను" అన్నాడు. ఆవిడ పక్క సీటు మీద కర్చీఫ్ వేసి పెట్టింది. ఆ రోజు మూడోవారం అయినా, ఏం పుట్టిందో జనానికి, హాలు నిండిపోయింది. బొమ్మ పడ్డ పావుగంటకి టార్చి వెలుగు ఆవిడ వైపు రావడం మొదలుపెట్టింది. ఆవిడ జుట్టు సర్దుకుంది. గేటాయనే వచ్చాడు. వెనక ఒక లావుపాటి మనిషి కూడా వచ్చాడు. గేటాయన కర్చీఫ్ తీసి, మడతపెట్టి, భార్య ఒళ్ళో పెట్టి, "ఇదిగో సార్, ఇది ఖాళీయే, కూర్చోండి" అని ఆ మనిషిని కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మనిషి సినిమా అంతా పల్లీలు ఒలుచుకుని తిన్నాడు. పొట్టు ఆవిడ కొత్త బట్టల మీద పడింది.

"ఏం చేయమంటావు? ఆయన నిలబడి ఉన్నాడు, సీటు ఖాళీగా ఉంది" అన్నాడు గేటాయన ఆ రాత్రి. తప్పు చేశానని ఆయనకి నిజంగానే అనిపించలేదు. నిలబడ్డ మనిషి, ఖాళీ సీటు, చేతిలో టార్చి. ఆ మూడూ ఒకచోట చేరితే ఆయన చేయి ఆగదు. ఆవిడ తర్వాత ఏడాదికి నాలుగైదు సార్లు ఆ హాలుకి వెళ్తూనే ఉంది గానీ, పక్క సీటు మీద మళ్ళీ ఎప్పుడూ కర్చీఫ్ వేయలేదు. "ఈసారైనా వచ్చి కూర్చుంటారా?" అని అడగడం మాత్రం మానలేదు. సెలవు రోజున వెళ్దామంటే, "మిఠాయి కొట్టువాడు ఇంటికెళ్ళి మిఠాయి తింటాడా?" అని నవ్వేసేవాడు ఆయన.

రెండేళ్ళ క్రితం హాలు మూతపడింది. ఇప్పుడది బాత్రూం టైల్సు అమ్మే కొట్టు. తెర ఉన్న గోడకి వాష్ బేసిన్లు వేలాడుతున్నాయి. యజమాని అందరికీ ఏవో ఇచ్చి పంపాడు. గేటాయనకి ఆయన టార్చే ఇచ్చాడు. రెండు బ్యాటరీల పాత రేకు టార్చి.

అలా గేటాయన ఇంటికొచ్చి పడ్డాడు. మనిషి వచ్చాడు గానీ పని వదిలి రాలేదు. ఇంటికి చుట్టాలొస్తే వాకిట్లో నిలబడి, "ఒక్కొక్కరు, ఒక్కొక్కరు" అంటాడు. కొట్టు నుంచి ఏ చీటీ తెచ్చినా సగానికి చింపి, సగం డబ్బాలో వేసి, సగం భార్య చేతికిస్తాడు. బ్యాంకు వాళ్ళు పంపిన కాగితం కూడా అలాగే చింపితే, కూతురు వచ్చి అతికించుకుని వెళ్ళింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఆఖరి చొక్కా మడతపెట్టి, సూది దిండుకి గుచ్చి, ఆయన వైపు తిరిగింది.

"ఏవండీ, సినిమాకి వెళ్దాం."

"వెళ్ళు. అమ్మాయిని తోడు తీసుకెళ్ళు."

"అమ్మాయి కాదు, మీరూ నేనూ. మొదటి నుంచి చివరిదాకా మీరు నా పక్క సీట్లో కూర్చోవాలి."

"ఈ వయసులోనా?"

"ఆ వయసులో కూర్చోలేదుగా మరి."

గేటాయన దగ్గాడు. దగ్గు రాలేదు గానీ దగ్గాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ముప్పై మూడేళ్ళుగా అడుగుతున్నాను. ఇదే ఆఖరుసారి. ఇంక అడగను."

"కోపమొచ్చిందా?"

"కోపం ఎందుకు? ఇంక అడగను, అంతే."

ఆవిడ సంగతి ఆయనకి తెలుసు. ఎప్పుడో కూతురు చిన్నప్పుడు, నిలువుటద్దం ఒకటి కొనమని మూడుసార్లు అడిగి మానేసింది. నాలుగోసారి అడుగుతుందిలే, అప్పుడు కొందాం అనుకున్నాడు ఆయన. ఆ నాలుగోసారి రానేలేదు. తర్వాత ఆయనే కొంటానన్నా, "ఇప్పుడెందుకండీ" అంది. ఆ ఇంట్లో ఇవాళ్టికీ చేతి అద్దమే. ఆవిడ అడగడం మానేసిందంటే ఆ కోరిక చచ్చిపోయినట్టే, దాన్ని బతికించడం ఎవరి వల్లా కాదు.

"సరే, వెళ్దాం" అన్నాడు.

టికెట్లు కొనడానికి కూతురు వచ్చింది. ఫోన్లో హాలు పటం తెరిచి చూపించింది, చిన్న చిన్న గళ్ళు, గడి గడికీ ఒక సీటు. గేటాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "నడవ పక్కవి తీసుకో. లేవడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు.

"మధ్యలోవి కొనవే" అంది ఆవిడ కూతురితో. "లేవడానికి వీల్లేకుండా ఉంటుంది."

ధర చూసి గేటాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ధర మారలేదు. ఆ ఇంట్లో ఏ ఖరీదైనా చొక్కాల్లోకి మార్చుకుంటేగాని తలకెక్కదు. రెండు టికెట్లకి నలభై చొక్కాల కాజాలు. పైన ఇంకో నాలుగు చొక్కాలు వేశారు.

"ఈ నాలుగు దేనికి?"

"అది సౌకర్యం రుసుం నాన్నా. ఇంట్లో కూర్చుని కొన్నందుకు."

"ఇంట్లో కూర్చుని కొంటే కౌంటర్లో మనిషికి పని తప్పించినట్టు కదా. వాళ్ళే మనకి ఎదురివ్వాలి!"

"అలా ఉండదు నాన్నా."

"ఎలా ఉండదు? మా హాల్లో..."

"మీ హాల్లో ఇప్పుడు టైల్సు అమ్ముతున్నారు" అంది ఆవిడ. గుండీల డబ్బా తెరిచి, అడుగు నుంచి డబ్బు తీసి కూతురి చేతిలో పెట్టింది. "కొనేయ్."

బుధవారం మ్యాట్నీకి బయల్దేరారు. ఆవిడ చేతిసంచి కింద అరలో వేయించిన పల్లీల పొట్లం పెట్టుకుని, పైన కర్చీఫులు పరిచింది. గేటాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్యాంటు జేబులో టార్చి పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

కొత్త హాలు నాలుగంతస్తుల మేడ మీద ఉంది. వాకిట్లో జేబులు తడిమే మనిషి టార్చి బయటికి తీసి, "ఇదేంటి?" అన్నాడు.

"టార్చి."

"ఎందుకు?"

"చీకటికి."

ఆ జవాబులో అతనికి తప్పేమీ దొరకలేదు. వదిలేశాడు. టార్చి చూసిన ఆవిడ ముఖం ఒక్క క్షణం మారింది. పక్కన ఆడవాళ్ళ సంచులు చూసే అమ్మాయి ఆవిడ సంచి జిప్పు తెరిచి, కర్చీఫులు చూసి, "వెళ్ళండి ఆంటీ" అంది. అక్కడితో అయిపోవాలి. ఇంకెవరైనా అయితే అయిపోయేది కూడా. గేటాయన ఆగిపోయాడు. ఆయన మొహం చేదు తిన్నట్టు పెట్టాడు.

"ఏమ్మాయ్, పైపైన చూస్తే సరిపోతుందా? కింద ఇంకో అర ఉంది, అది చూడలేదు నువ్వు."

"ఏవండీ" అంది ఆవిడ నెమ్మదిగా.

"నువ్వుండు. పని అన్నాక పద్ధతిగా చేయాలి."

అమ్మాయి కింద అర తెరిచింది. పల్లీల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "బయటి తిండి లోపలికి తేకూడదు ఆంటీ."

"అదీ! అలా చూడాలి" అన్నాడు గేటాయన. చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అన్నారా? మూడు మెట్లు ఎక్కాక గాని, పోయినవి తన పల్లీలేనని ఆయనకి తట్టలేదు.

లోపల అమ్మే పేలాల డబ్బా ఖరీదు పద్దెనిమిది చొక్కాలు. నీళ్ళ సీసా నాలుగు. బోర్డు ముందు ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. "నాకు ఆకలిగా లేదు" అంది ఆవిడ. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఉంది.

తలుపు దగ్గర నల్ల చొక్కా వేసుకున్న ఇంకో అమ్మాయి, కూతురు ఫోన్లోకి పంపిన టికెట్ మీద ఏదో యంత్రం పెట్టింది. అది కీచుమంది. "వెళ్ళండి అంకుల్."

గేటాయన చేయి చాపే ఉన్నాడు. "సగం ముక్క ఏది?"

"సగం ముక్క ఏంటి అంకుల్?"

"చింపి సగం మాకివ్వాలి కదా. ఇంటర్వెల్‌లో బయటికెళ్ళి వస్తే ఏం చూపిస్తాం?"

"ఏమీ అక్కర్లేదు, ఊరికే వచ్చేయొచ్చు."

"ఊరికే వచ్చేస్తారా!" అన్నాడు గేటాయన. ముప్పై నాలుగేళ్ళు గోడ దూకేవాళ్ళని పట్టుకున్న మనిషికి ఆ మాట అంత తేలిగ్గా దిగలేదు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

సీట్లు మెత్తగా ఉన్నాయి. మరీ మెత్తగా ఉన్నాయి, కూర్చున్నవాడు లేవడం కష్టమేననిపించి ఆయనకి బెంగ పట్టుకుంది. ప్రకటనలు ఇరవై నిమిషాలు వేశారు. ఆ తర్వాత బొమ్మ పడింది. హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. కొండ కింద ఒక ఊరు, ఆ ఊరి మీదుగా పోతున్న బస్సు, దాని మీద తెల్లటి అక్షరాలు.

"మొదట్లో పేర్లు పడతాయి" అని చెవిలో చెప్పింది ఆవిడ.

"ఆహా" అన్నాడు ఆయన. నిజంగానే బాగుందనిపించింది.

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముప్పై మూడేళ్ళకి పక్క సీట్లో మొగుడున్నాడు. ఆ సంబరం పది నిమిషాలు.

తలుపు దగ్గర ఒక జంట చీకట్లో తడుముకుంటున్నారు. వాళ్ళకి దారి చూపించేవాళ్ళు లేరు. నల్ల చొక్కా అమ్మాయి తలుపు వేసుకుని ఎటో వెళ్ళిపోయింది. గేటాయన మోకాళ్ళు వాటంతట అవే నిటారుగా అయ్యాయి.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

"ఒక్క నిమిషం. పడిపోతారు పాపం."

ఆరు జతల మోకాళ్ళు దాటుకుని వెళ్ళాడు. టార్చి అద్దం మీద రెండు వేళ్ళు అడ్డం పెట్టి, వెలుగు నేల మీద మాత్రమే పడేలా పట్టుకోవడం ఒక విద్య. చూసేవాళ్ళ కళ్ళలో పడకూడదు, నడిచేవాళ్ళ కాలికి అందాలి. ఆ జంటని సీట్లో కూర్చోబెట్టి, ఆరు జతల మోకాళ్ళు దాటుకుని వచ్చి కూర్చున్నాడు. ఐదు నిమిషాలకి కర్ర పట్టుకున్న ఒక ముసలావిడ వచ్చింది. మళ్ళీ లేచాడు. ఈసారి భార్య ఎక్కడికని అడగలేదు.

మూడోసారి వచ్చింది మామూలు బేరం కాదు. ఒకే కుటుంబం, ఏడుగురు మనుషులు, రెండు వరసల్లో సీట్లు, అందులో రెండింట్లో ముందే ఎవరో కూర్చుని ఉన్నారు. గేటాయన ఫోన్లు చూశాడు, లేపాడు, జరిపాడు, సర్దాడు. ఎవరికీ నొప్పి తగలకుండా పది నిమిషాల్లో పంచాయితీ తీర్చేశాడు. రెండేళ్ళుగా ఆయనకి అంత హాయిగా లేదు. వాళ్ళు "థ్యాంక్సండీ" అంటే, "ఇందులో ఏముందండీ, డ్యూటీ" అన్నాడు.

అలా వెలిగిపోతున్న ముఖంతో తన వరస దగ్గరికి వచ్చాడు. అక్కడ ఎవరో ఒకాయన వంగి, గేటాయన సీటు వైపు చెయ్యి చూపిస్తూ అడుగుతున్నాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?"

ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"పక్క సీటు ఖాళీయే. కూర్చోండి. ఆయన డ్యూటీలో ఉన్నారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఏడుపూ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆ మనిషి కూర్చున్నాడు.

గేటాయన నడవలో నిలబడిపోయాడు. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది, వేళ్ళ సందుల్లోంచి వెలుగు బూట్ల మీద పడుతోంది. గోడ పక్క సీటు గుర్తొచ్చింది. కర్చీఫ్ గుర్తొచ్చింది, నాలుగు మడతలు పెట్టిన కర్చీఫ్. తాను ఎంత జాగ్రత్తగా మడతపెట్టాడో కూడా గుర్తొచ్చింది. సిగ్గేసింది ఆయనకి. ఒళ్ళంతా సిగ్గేసింది. ఇన్నేళ్ళూ తన భార్య పక్కన ఎవడెవడో కూర్చుని సినిమా చూశాడు, తానొక్కడు తప్ప. ఇప్పుడు ఆ సీటు చూపించడానికి తన అవసరం కూడా లేదు, ఆవిడే చూపించేసింది. ఇంక అడగదు. రేపు తాను బతిమాలినా, "ఇప్పుడెందుకండీ" అంటుంది.

మోకాళ్ళు దాటడం కాదు, ఈసారి తొక్కుకుంటూనే వెళ్ళాడు.

"సార్, మీ టికెట్ చూపించండి."

ఆ గొంతులో ముప్పై నాలుగేళ్ళ అధికారం ఉంది. ఆ మనిషి హాలు వాళ్ళే అనుకుని వెంటనే ఫోను తీశాడు.

"మీది వెనక వరస, పదకొండు. ఇది కాదు, లేవండి."

"ఎక్కడైతే ఏముందండీ? ఇది ఖాళీయేనన్నారుగా ఈవిడ."

"ఖాళీ కాదు!" గేటాయన గొంతు హాలంతా వినపడింది. నాలుగు వరసల వాళ్ళు తిరిగి చూశారు. "ఈ సీటు నాది. నలభై నాలుగు చొక్కాలు పోసి కొన్నాం!"

ఆ మనిషికి ఏం అర్థమైందో ఏమో, చొక్కాల దాకా వచ్చిన గొడవలో మనకెందుకని లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. గేటాయన తన సీట్లో కూలబడ్డాడు. టార్చి ఆర్పి భార్య ఒళ్ళో పెట్టాడు. ఆవిడ దాన్ని తీసుకుని, సంచి కింద అరలో, పల్లీలు ఉండాల్సిన చోట పెట్టి, జిప్పు మూసేసింది.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆలస్యంగా వచ్చారు. ఒకడు మెట్టు తప్పి తూలాడు కూడా. గేటాయన కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, "పడనీ" అని తనలో తాను గొణుక్కున్నాడు. ఇంటర్వెల్ వస్తున్నదంటే ఆయనకి ముందే తెలుస్తుంది, అప్పుడొచ్చే సంగీతం వాయింపుల తీరే వేరు. పిక్కలు లాగాయి. లేవలేదు. దీపాలు వాటంతట అవే వెలిగాయి, తలుపులు వేరెవరో తీశారు. ప్రపంచం ఏమీ తలకిందులు కాలేదు.

"ఇంటర్వెల్‌కి ముందు లేవలేదు మీరు" అంది ఆవిడ.

"లేవలేదు."

"హమ్మయ్య."

అసలు గండం చివర్లో ఉంది. ఇంటర్వెల్‌కి లేవకపోవడం ఒక ఎత్తు, ఆట చివర లేవకపోవడం ఒక ఎత్తు. ఇంకో పది నిమిషాలుందనగా ఆయన కుడి మోకాలు ఆడడం మొదలుపెట్టింది. పక్క తలుపులు మూసే ఉన్నాయి. ఎవరూ తెరవడం లేదు. ఇంతమంది జనం ఒక్కసారిగా లేస్తే ఏం కాను? ఒక్కసారి వెళ్ళి గడియ చూసి వచ్చేస్తే? అర నిమిషం. ఆయన వీపు సీటు నుంచి లేచింది.

సరిగ్గా అప్పుడు ఎడమ భుజం మీద ఆవిడ తల వాలింది.

చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నాయి. పొద్దున్నే లేచి పన్నెండు చొక్కాలు పూర్తి చేసి వచ్చింది మరి. ఊపిరి నిదానంగా ఆడుతోంది. కదిలితే లేస్తుంది. గేటాయన లేవబోయినవాడు లేవబోయినట్టే ఆగి, అంగుళం అంగుళం వెనక్కి వాలి, బొమ్మలా కూర్చున్నాడు. కూర్చుని, ఇంకేం చేయడానికి లేక, తెర వైపు చూశాడు.

తెర మీద ఆ కొండ కింద ఊరు, అదే బస్సు. సినిమా అంతా ఆ ఊరి పిల్ల, ఆ బస్సు నడిపేవాడి కోసం దారి పక్కన నిలబడుతూనే ఉంది. ఈసారి పెట్టె సర్దుకుని నిలబడింది. బస్సు దూరం నుంచి వస్తోంది. గేటాయన ఊపిరి బిగబట్టాడు. ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది, ఆ పిల్ల అక్కడే ఉంది, పెట్టె పక్కనే ఉంది. పేర్లు పడడం మొదలుపెట్టాయి. గేటాయన కళ్ళు తుడుచుకోవడానికి కుడి చెయ్యి ఒక్కటే వాడాడు.

జనం లేచి, ఆయన మోకాళ్ళు దాటుకుంటూ వెళ్ళిపోయారు. ఎవరూ తొక్కుకోలేదు. హాలు ఖాళీ అయింది. చీపురు పట్టుకుని ఊడ్చే ఆవిడ వచ్చింది.

"లేవండి బాబాయ్, అయిపోయింది. తర్వాతి ఆటకి ఊడవాలి."

అదే మాట ఎన్నివేల మందిని అని ఉంటాడో గేటాయన. ఇప్పుడు పెదాల మీద వేలు పెట్టుకుని, "నిద్రపోతోందమ్మా, ఇంకొక్క ఐదు నిమిషాలు" అన్నాడు. ఊడ్చే ఆవిడ వాళ్ళిద్దర్నీ వదిలి చుట్టూ ఊడ్చుకుని పోయింది. పేర్లన్నీ అయిపోయి తెర తెల్లబడ్డాక, భార్య కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది.

"అయిపోయింది" అన్నాడు.

కిందికి దిగి బస్ స్టాపులో బల్ల మీద కూర్చున్నారు. ఎండ ఇంకా తగ్గలేదు. పల్లీల పొట్లం సంచులు చూసే అమ్మాయి తిరిగి ఇచ్చేసింది. ఇద్దరి మధ్యా పెట్టుకుని తింటున్నారు.

"చివరికి ఏమైంది?" అంది ఆవిడ.

ఇన్నాళ్ళూ అడిగేవాడు గేటాయన, చెప్పేది ఆవిడ. రెండు పల్లీలు నమిలి మింగి, ఆవిడ ముఖం చూశాడు. పొద్దుణ్ణుంచీ పన్నెండు చొక్కాలు కుట్టిన ముఖం.

"బస్సు ఆగింది" అన్నాడు. "ఆ పిల్ల ఎక్కింది. అతనే దిగొచ్చి పెట్టె అందుకున్నాడు."

"పెట్టె కూడా అందుకున్నాడా?"

"అందుకున్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు."

ఆవిడ అరచేతిలో పల్లీల పొట్టు ఊదింది.

"ఆగలేదుగా బస్సు. దుమ్ములో ఆ పిల్ల ఒక్కతే నిలబడింది. పెట్టె కూడా కిందే ఉంది."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు ఉంటాడంటారు. ఇక్కడ ఆ రెండోవాడు పక్కనే కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు.

"నువ్వు నిద్రపోయావుగా?"

"ఒక కన్నే మూసుకున్నాను."

"మరి తల ఎందుకు వాల్చావు?"

"మీ వీపు లేవడం చూశాను" అంది ఆవిడ. "వదిలితే వెళ్ళిపోతారు. వెళ్ళి ఇంకెవణ్ణో తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెడతారు."

గేటాయన పొట్లంలో మిగిలిన పల్లీలన్నీ ఒలిచి, పప్పులు ఆవిడ చేతిలో పోశాడు. పొట్టు తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

బస్సు వచ్చింది. ఆగింది కూడా. లోపల రెండే సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ఆవిడ లేవబోయింది. గేటాయన ఆవిడ చెయ్యి పట్టుకుని బల్ల మీదే కూర్చోబెట్టాడు.

"తర్వాతది ఎక్కుదాం" అన్నాడు.